బేరమాడని పెట్టె

ఆ బజారులో నలభై రెండు దుకాణాలుంటే, నలభై ఒక్క దుకాణాల్లో బేరం సాగుతుంది. సాగనిది బోల్టుల దుకాణం ఒక్కటే. అక్కడ గల్లాపెట్టె వెనక గోడకి ముప్ఫై ఏళ్ళ కిందటి రేకు బోర్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని తెల్లరంగు పసుపు తిరిగింది గాని నల్ల అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు: "ఒకే మాట. బేరాలు లేవు." ఆ బోర్డు పుణ్యమా అని దుకాణం యజమానురాలికి బజారంతా ఒకేమాటమ్మ అని పేరు పెట్టింది. మొదట్లో వెటకారానికి పెట్టిన పేరే. పోనుపోను అదే పరపతి అయి కూర్చుంది. "ఒకేమాటమ్మ పంపిందా? అయితే మళ్ళీ తూచక్కర్లేదు" అనేవాళ్ళు మేస్త్రీలు.

ఆవిడ లోకాన్ని చూసే పద్ధతి కూడా దుకాణం పద్ధతే. మనిషి ఎదురైతే ముందు పైపై మెరుగు తీసేస్తుంది. లోపలి సరుకు ఎంతో చూస్తుంది. ఆ అంకె మనసులో వేసుకుని ఊరుకుంటుంది. నాలుగేళ్ళ కిందట కొడుకు పెళ్ళప్పుడు కోడల్ని కూడా అలాగే లెక్కకట్టింది. మాట తక్కువ, చెయ్యి నిదానం, విన్నది మర్చిపోదు. అంతే. నగల గురించీ, రంగు గురించీ చుట్టాలు చెవిలో పోరుపెడుతుంటే, "అవి దుమ్ము దులిపితే పోయేవి" అని కొట్టిపారేసింది.

కోడలు ఓ నెట్‌వర్కు కంపెనీలో ఆరేళ్ళు పనిచేసింది. ఐదు నెలల కిందట ఆ ఉద్యోగం మానేసి, దుకాణం వెనక వాషర్లు నిల్వచేసే గదిలో బల్ల వేసుకుని సొంతంగా పని మొదలుపెట్టింది. మొట్టమొదటి పని సొంత దుకాణానిదే. బజారులో ప్రతి దుకాణానికీ వెనక వీధుల్లో ఓ గోడౌను ఉంటుంది. ఇక్కడ బిల్లు కొడితే అక్కడ సరుకు తియ్యాలి. ఇన్నాళ్ళూ ఆ కబుర్లన్నీ ఫోన్లలో అరుచుకుంటూ నడిచాయి. "అరంగుళం" అంటే "అర పెట్టె" అని వినపడి, సగం సరుకు తప్పు బండెక్కేది. కోడలు దుకాణంలో ఒక రౌటరు, కిలోమీటరు దూరంలోని గోడౌనులో మరో రౌటరు పెట్టి, మధ్యలో టెలిఫోను కంపెనీవాళ్ళ లైను తీసుకుని రెంటినీ కలిపింది. ఇక్కడ మీట నొక్కితే చాలు, అక్కడ గుమాస్తా కళ్ళ ముందు సరుకు చీటీ ప్రత్యక్షం.

అది చూసి వర్తక సంఘానికి నోరూరింది. నలభై రెండు దుకాణాలకీ అలాంటి ఏర్పాటే కావాలన్నారు. అయితే సంఘం ప్రెసిడెంటు, పైపుల దుకాణం పెద్దాయన, ఓ బయటి కంపెనీని మాట్లాడుకొచ్చాడు. టై కట్టుకున్న ఇద్దరు మనుషులు రంగురంగుల పుస్తకాలు పంచిపెట్టి, గంటసేపు ఏదో చెప్పి వెళ్ళారు. వాళ్ళు గుమ్మం దాటగానే ఒకేమాటమ్మ లేచింది.

"ఆ పని మా కోడలు చేస్తుంది. నమ్మకం లేకపోతే వచ్చే గురువారం నాలుగింటికి మా దుకాణానికి రండి. గోడౌన్ లైను ఎలా నడుస్తోందో మీ కళ్ళతో చూడండి. ఈలోపల ఒక్కసారి ఆగినా ఆ పని మాకొద్దు."

"ఒక్కసారి కూడానా చెల్లెమ్మా? మెషీన్లు కదా, కొంచెం సడలించుకో" అన్నాడు ప్రెసిడెంటు.

"నా దగ్గర బేరాల్లేవు అన్నయ్యగారూ."

అందరూ నవ్వారు. కోడలు మాత్రం నవ్వలేదు. ఇంటికి వస్తుంటే దారిలో నెమ్మదిగా, "అత్తయ్యా, ఆగని లైను అంటూ ఉండదు. ఆగితే ఎంత తొందరగా పట్టుకున్నామన్నదే లెక్క" అంది. "నువ్వు పెట్టింది ఆగదు" అని అత్త తేల్చేసింది.

అది శనివారం మాట. సోమవారం కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడి, గోడౌనులో కంపెనీవాళ్ళ లైను పెట్టె మాడిపోయింది. అరచెయ్యంత పెట్టె. వీధిలోంచి వచ్చిన లైను అందులోకి దిగుతుంది, అందులోంచి చిన్న తీగ మన రౌటరులోకి వెళుతుంది. కోడలు ఆ రోజు పొరుగూరి ఆసుపత్రిలో పని మీద ఉంది. ఒకేమాటమ్మే గోడౌనుకి వెళ్ళి, దగ్గరుండి కొత్త పెట్టె పెట్టించింది. "ఏదీ గాలికి వదల్లేదు. అన్నీ గట్టిగా చేయించాను" అని కోడలికి ఫోనులో చెప్పింది కూడా.

మంగళవారం నుంచి లైను కుంటడం మొదలైంది. చీటీ సగం వచ్చి ఆగేది. గోడౌను నుంచి పంపిన సరుకు ఫోటోలు తెర మీద గుండ్రంగా తిరుగుతూ కూర్చునేవి. బుధవారం దుకాణంలో బిల్లులు చేత్తో రాయాల్సి వచ్చింది. ఆ సంగతి సాయంత్రానికల్లా బజారు చివరి దుకాణం దాకా పాకింది. కోడలు ఆ రాత్రి ఊరినుంచి దిగింది.

గురువారం పొద్దున పదిన్నరకి వాషర్ల గదిలో ముగ్గురున్నారు. బల్ల దగ్గర కోడలు. గుమ్మంలో మడతకుర్చీ వేసుకుని, ఒక కన్ను గల్లాపెట్టె మీదా ఒక కన్ను లోపలా ఉంచిన ఒకేమాటమ్మ. మూడో మనిషి కంపెనీ లైను మనిషి. నెరిసిన జుట్టు, చెవి మీద స్క్రూడ్రైవరు. లైను తెగి నేల మీద పడున్నా సరే "అంతా ఓకే అమ్మగారూ" అంటాడు కాబట్టి అతనికి బజారులో ఓకేబాబాయ్ అని పేరు.

"మూడోసారి వచ్చాను మేడమ్. మా లైను అంతా ఓకే. పింగ్ కొట్టి చూశాను, పలుకుతోంది" అన్నాడు.

పింగ్ అంటే ఒకేమాటమ్మకి ఈ ఐదు నెలల్లో అర్థమయింది. ఇక్కణ్ణుంచి "ఉన్నావా?" అని ఓ చిన్న కేక. అవతలి కొస "ఉన్నాను" అంటుంది. పలికితే తెర మీద ఒక ఆశ్చర్యార్థకం పడుతుంది, పలక్కపోతే ఒక చుక్క.

"మీరు కొట్టారు సరే బాబాయ్‌గారూ. నేను మొదట్నుంచీ వస్తాను" అంది కోడలు. పక్కనున్న అట్టపెట్టె మూత చింపి, పెన్సిలుతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసింది. మొదటి కేక తన బల్ల మీదున్న రౌటరుకే వేసింది.

"దూరంలోది కదా పలకనిది? ఒళ్ళో ఉన్నదాన్ని పిలుస్తావేంటమ్మాయ్?"

"మన గుమ్మం నుంచి మొదలెట్టకపోతే దారిలో ఎక్కడ పడ్డామో తెలీదు అత్తయ్యా."

ఆ జవాబు ఒకేమాటమ్మకి నచ్చింది. సరుకు తక్కువొచ్చిందని ఎవరైనా ఫోను చేస్తే తను చేసేదీ అదే. లారీవాణ్ణి తిట్టే ముందు తన గోడౌను అలమారా చూసుకుంటుంది. ఈ పిల్ల ఎప్పుడు చూసిందో ఏమో, చూసి దాచుకుంది.

ఒకటి, మన రౌటరు పలికింది. రెండు, దాని దుకాణం వైపు పోర్టు, అంటే తీగ దిగే కన్నం. మూడు, లైను వైపు పోర్టు. నాలుగు, లైను దాటి గోడౌను రౌటరు గుమ్మం. ఐదు, ఆ రౌటరు లోపలి వైపు పోర్టు. ఆరు, గుమాస్తా కంప్యూటరు. ఒక్కోదానికీ వందేసి కేకలు. వందకి వంద పలికాయి. అట్టముక్క మీద ఆరు టిక్కులు పడ్డాయి.

"చూశారా? ఆరుకి ఆరు! అంతా ఓకే. మీ సాఫ్ట్‌వేరులోనే ఏదో ఉంది మేడమ్" అని ఓకేబాబాయ్ సంచీ సర్దుకోబోయాడు.

"కూర్చోవయ్యా! ఓకే అయితే నిన్న నేను చెయ్యి నొప్పెట్టేలా బిల్లులెందుకు రాశాను? వ్యాయామానికా?" అంది ఒకేమాటమ్మ.

"అది మరి... సాఫ్ట్‌వేరు..."

"నీ నోట్లో ఈ రెండు మాటలే ఉన్నాయా? ఓకే, సాఫ్ట్‌వేరు!"

కోడలు వీళ్ళ మాటలు వింటున్నట్టు లేదు. పెన్సిలు కొస పెదవికి ఆనించి టిక్కులనే చూస్తోంది. తర్వాత హఠాత్తుగా, "అత్తయ్యా, మంగళవారం ఎన్నింటికి మొదలైంది?" అంది.

ఇలాంటిది అడిగితే ఒకేమాటమ్మ తడుముకోదు. "పదకొండుకి. ఒంటిగంటకి బాగయింది. రెండు దాటాక మళ్ళీ అదే తంతు. నిన్నా అంతే. పొద్దున తొమ్మిదికి మాత్రం గుర్రంలా పరిగెడుతుంది."

"ఒంటిగంటకి ఏమవుతుంది?"

"గుమాస్తా అన్నానికి కూర్చుంటాడు."

"పదకొండుకి?"

"లారీ దిగుతుంది. దిగిన సరుకంతా ఆయన కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, ఫోటోలతో సహా. ఇక్కడ మనకీ అప్పుడే రద్దీ. బిల్లు మీద బిల్లు."

పెన్సిలు బల్ల మీద పడింది. "అంటే ఆయన పంపిస్తున్నప్పుడే మనమూ పంపిస్తున్నాం. మా కేకలన్నీ ఒకరు అరిచి, ఇంకొకరు పలికి, ఒకరి తర్వాత ఒకరు. ఇద్దరూ ఒకేసారి గుమ్మం దాటబోతే ఏమవుతుందో మేం చూడనే లేదు."

ఓకేబాబాయ్ సంచీ కింద పెట్టాడు.

కోడలు గుమాస్తాకి ఫోను చేసి స్పీకరు పెట్టింది. గుమాస్తా పాతకాలపు మనిషి. కంప్యూటరుని ఇప్పటికీ 'ఆయన' అంటాడు.

"గుమాస్తాగారూ, నిన్నటి లారీ ఫోటోలన్నీ మళ్ళీ ఒకసారి పంపండి."

"నిన్నటివే ఇంకా తిరుగుతున్నాయి చిన్నమ్మగారూ. ఆయన ఊపిరాడక ఉన్నాడు. మళ్ళీ పంపమంటే కోపం వస్తుందేమో."

"నా మీద చెప్పండి."

"సరే. మీరే అన్నారని చెప్పి నొక్కుతున్నాను."

ఆయన నొక్కేలోపే కోడలు ఇక్కణ్ణుంచి పెద్ద పెద్ద కేకలు వేసింది. తెర మీద ఆశ్చర్యార్థకాలు బారులు తీరాయి. అటునుంచి ఫోటోలు బయల్దేరాయో లేదో, ఆ బారులో చిల్లులు పడ్డాయి. ఒక చుక్క. రెండు. తర్వాత చుక్కల వాన. వందకి అరవై ఒకటే పలికాయి.

రోగం దొరికినందుకు ఒకేమాటమ్మకి లోపల ఓ సంతోషం పొంగింది. తన సరుకులో పుచ్చు బయటపడితే సంతోషించడమేంటని ఎవరైనా అనొచ్చు. పుచ్చు ఏ పెట్టెలో ఉందో తెలిశాక సగం దుకాణం మిగిలినట్టే. తెలియకపోతే మొత్తం అనుమానమే.

"ఆరు గుమ్మాల్లో ఏ గుమ్మం ఇరుకో చూడాలి" అంటూ కోడలు తన రౌటరు పోర్టుల లెక్కలు తీసింది. పోర్టు ప్రతిదీ తనలోంచి ఎన్ని పోయాయి, ఎన్ని వచ్చాయి, ఎన్ని చెడిపోయాయి అని సొంతంగా లెక్క రాసుకుంటుందట. ఒకేమాటమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. లెక్క రాసుకునే వస్తువంటే ఆవిడకి మనిషంత మర్యాద.

దుకాణం రౌటరులో తప్పేమీ లేదు. గోడౌను రౌటరు తెరిచింది. లైను వైపు పోర్టు దగ్గర కోడలి వేలు ఆగింది. "ఢీకొన్నవి నాలుగు వేల చిల్లర."

"అమ్మో!"

"ఇవి ఏనాటివో తెలీదు అత్తయ్యా. పాత లెక్క చెరిపి, సున్నా నుంచి చూద్దాం." చెరిపేసింది. రెండు వైపుల నుంచీ మళ్ళీ నడిపించింది. రెండు నిమిషాలకి చూస్తే రెండు వందల పన్నెండు. "ఇవాళ్టివే. ఇక్కడే."

"ఎందుకు గుద్దుకుంటున్నాయి?"

"ఈ పోర్టు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే పద్ధతిలో ఉంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేలా ఉండాలి. నేను దీన్ని ఆటోలో వదిలాను. అంటే తీగ కలపగానే, అవతలి పెట్టెతో ఇదే మాట్లాడుకుంటుంది. ఎంత వేగం, ఏ పద్ధతి అని రెండూ ఒక ఒప్పందానికి వస్తాయి. అవతలి పెట్టె అసలు జవాబే చెప్పకపోతే, వేగం మటుకు ఇది కనిపెట్టగలదు. పద్ధతి కనిపెట్టలేదు. తెలీదు కాబట్టి తగ్గి, ఒకరి తర్వాత ఒకరే అనుకుంటుంది. అవతలిదేమో ఇద్దరూ ఒకేసారి అనుకుని తోసుకొచ్చేస్తుంది."

"అవతలిది జవాబెందుకు చెప్పదు? మూగదా?"

"మూగది కాదు. ఎవరో దాన్ని ఒకే పద్ధతికి ఫిక్స్ చేసి ఉంటారు. అప్పుడది తన మాట మీద తనుంటుంది. బేరానికి రాదు."

ఒకేమాటమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

సోమవారం మధ్యాహ్నం కళ్ళ ముందు కదిలింది. గోడౌనులో స్టూలు మీద నిలబడ్డ ఓకేబాబాయ్, కొత్త పెట్టె చేత్తో పట్టుకుని తల తిప్పి అడిగాడు: "అమ్మగారూ, దీన్ని అవతలి మెషీనుతో మాట్లాడుకోమని వదిలెయ్యనా, ఫిక్స్ చేసెయ్యనా?" తను క్షణం ఆలోచించలేదు. "మాట్లాడుకోవడాలూ బేరాలూ నా దగ్గరుండవు. ఫిక్స్ చెయ్యి" అంది. పైగా, ఎంత బాగా చెప్పానో అని ఇంటికొచ్చేదాకా మురిసిపోయింది.

ఓకేబాబాయ్ వైపు చూసింది. అతను చెవి మీది స్క్రూడ్రైవరు తీసి, దాని కొసని మహా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. అతనికీ గుర్తొచ్చిందని ఆ శ్రద్ధే చెబుతోంది.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. కానీ నాలుక కదల్లేదు. తూకంలో తప్పు, రేటులో తప్పు, మాటలో తప్పు అని ముప్ఫై ఏళ్ళలో ఒక్కరు వేలెత్తి చూపలేదు. ఆ పేరు ఒక్కరోజులో కూడబెట్టింది కాదు. 'దొరికింది కదా, సరిచేస్తే పోయె. ఎవరు చేశారన్నది ఎవరికి కావాలి?' అని మనసులో సర్దిచెప్పుకుంది. నాసిరకం సరుకు అంటగట్టేవాళ్ళు చెప్పే మాట అది. ఆ సంగతి ఆవిడకి తెలియకపోలేదు.

ముగ్గురూ నడిచి గోడౌనుకి వెళ్ళారు. లారీ అప్పుడే దిగుతోంది. గుమాస్తా లేచి నిలబడి, "ఆయన అలిగాడు చిన్నమ్మగారూ" అని కంప్యూటరు వైపు చూపించాడు. కోడలు స్టూలు ఎక్కి, లైను పెట్టెకి తన లాప్‌టాప్ తగిలించింది. ఓకేబాబాయ్ తన కంపెనీ పాస్‌వర్డు తనే కొట్టాడు. తెర మీద ఆ వరస కనిపించింది: ఫిక్స్.

కోడలు ఎవరి వైపూ చూడలేదు. "ఎవరు చేశారు?" అని అడగలేదు. ఆ వరస ఆటోకి మార్చింది. పోర్టు దీపం ఆరింది. మళ్ళీ వెలిగింది. రెండు పెట్టెలూ ఏం మాట్లాడుకున్నాయో, రెండు క్షణాల్లో ఒప్పందం కుదిరిపోయింది.

రెండు వైపుల నుంచీ మళ్ళీ నడిపించారు. వందకి వంద. "వెయ్యి కొట్టు" అంది అత్త. వెయ్యికి వెయ్యి. ఢీకొన్నవి సున్నా. ఎవరూ మళ్ళీ నొక్కకుండానే నిన్నటి ఫోటోలన్నీ ఒకదాని మీద ఒకటి దుకాణం చేరిపోయాయి.

"అలక తీరింది!" అన్నాడు గుమాస్తా.

పన్నెండున్నర అయింది. పదిన్నర నుంచి లెక్కేస్తే రెండు గంటలు. అంకె ఒకేమాటమ్మ మనసులో తనంతట తనే పడింది.

నాలుగింటికి ప్రెసిడెంటు వచ్చాడు. వెంట గాజుల దుకాణం, తాళాల దుకాణం వాళ్ళు. ఓకేబాబాయ్ కూడా ఇంకా అక్కడే ఉన్నాడు. దుకాణంలో రద్దీ మంచి ఊపు మీదుంది. అటు గోడౌనులో రెండో లారీ దిగుతోంది. కోడలు కావాలనే ఆ వేళకే బిల్లుల వరస పెట్టించింది. ఇక్కడ మీట నొక్కడం, అక్కడ గుమాస్తా "వచ్చింది" అనడం. "పన్నెండు మిల్లీమీటర్లు, నాలుగు పెట్టెలు, వచ్చింది. వాషర్లు, వచ్చింది." అరగంట పాటు ఒక్కటీ ఆగలేదు. అదే సమయంలో గోడౌను ఫోటోలు పక్క తెర మీద టపటపా రాలుతున్నాయి.

"బాగుంది" అన్నాడు ప్రెసిడెంటు. మీసం దువ్వుకున్నాడు. "చాలా బాగుంది. కానీ చెల్లెమ్మా, నిన్న నువ్వు చేత్తో బిల్లు రాసిచ్చావట కదా. అది నా దగ్గరికీ వచ్చింది. మంగళవారమూ ఆగిందట. ఒక్కసారి ఆగినా వద్దన్నది ఎవరు?"

ఒకేమాటమ్మ మాటే తిరిగొచ్చి ఆవిడ గుమ్మంలో కూర్చుంది.

తాళాలాయన కోడలి వైపు తిరిగాడు. "ఏమ్మా, అసలు తప్పెక్కడ? కంపెనీదా, నీదా?"

కోడలు తలెత్తింది. "లైను పెట్టెలో ఒక సెట్టింగు తప్పు పడింది బాబాయ్‌గారూ. ఆ పెట్టె మా రౌటరుకి తగిలేది. పెట్టగానే నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే."

ఓకేబాబాయ్ నోరు తెరిచి, అత్త ముఖం చూసి మూసేశాడు.

ఆ మాటతో ఒకేమాటమ్మకి అంతా అర్థమయింది. పిల్లకి తెలుసు. స్టూలు మీద ఆ వరస చూసినప్పుడే, బహుశా అంతకుముందే, 'బేరానికి రాదు' అన్నప్పుడే తెలుసు. తెలిసి, మూడు గుమ్మాల అవతలున్న తప్పుని తెచ్చి తన గుమ్మంలో పెట్టుకుంది. దానికి బదులు ఐదు నెలల కష్టం ఇచ్చేస్తోంది. ఈ బేరంలో లాభమంతా తనకి, నష్టమంతా ఆ పిల్లకి. ఇంత అన్యాయపు తూకం తన దుకాణంలో ఏనాడూ జరగలేదు.

"కాదు. తప్పు నాది."

అందరూ తిరిగారు.

"సోమవారం ఆ పెట్టె పెట్టేటప్పుడు మా కోడలు ఊళ్ళో లేదు. నేనున్నాను. ఈయన అడిగాడు, రెండు మెషీన్లనీ మాట్లాడుకోనివ్వనా అని. బేరాల్లేవు, ఫిక్స్ చెయ్యమన్నాను. ఇటుది బేరానికొస్తే అటుది పలకలేదు. మూడు రోజులు గుద్దుకు చచ్చాయి. ఈయన తప్పు లేదు, మా కోడలి తప్పసలే లేదు. మొత్తం నాదే."

ముందు గాజులాయన పగలబడి నవ్వాడు. ఆయన్ని చూసి తాళాలాయన. ఓకేబాబాయ్ అయితే గోడకి చేరగిలబడిపోయాడు, పొద్దుట్నుంచీ ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చేసి.

"మెషీను దగ్గర కూడా బోర్డు పెట్టావా చెల్లెమ్మా!" అన్నాడు ప్రెసిడెంటు కళ్ళు తుడుచుకుంటూ. "ముప్ఫై ఏళ్ళనుంచి నీ తప్పు పట్టుకోవాలని బజారంతా కాచుక్కూర్చుంటే, పట్టుకున్నది నీ కోడలా?"

"రెండు గంటల్లో పట్టుకుంది" అంది ఒకేమాటమ్మ. గొంతు తనకే కొత్తగా వినిపించింది. సిగ్గు పడాల్సిన చోట ఛాతీ పొంగుతోంది. "ఆరు గుమ్మాలూ పలికితే మీ టై వాళ్ళు అక్కడితో సంచీ సర్దుకునేవాళ్ళు. ఇది సర్దుకోలేదు. పట్టుకున్నాక నన్ను పల్లెత్తు మాట అనలేదు. అలాంటి మనిషి చేతికి మీ లైన్లు ఇస్తే మీకే లాభం. మీకు చెయ్యకపోతే మాకేం పోదు, మీకే పోతుంది."

"అది సరే. మరి నీ మాట? ఒక్కసారి ఆగినా..."

ఒకేమాటమ్మ గోడ మీద బోర్డు వైపు ఒకసారి చూసింది. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆ మాట మూర్ఖంగా అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. రండి అన్నయ్యగారూ, మాట్లాడుకుందాం."

ప్రెసిడెంటు నవ్వు ఆగిపోయింది. "బేరమా? నువ్వా?"

"నేను కాదు, నాకు చాతకాదు. అది మాట్లాడుతుంది" అని కోడలి వైపు చెయ్యి చూపించింది.

కోడలు తడబడలేదు. అట్టముక్క వెనక్కి తిప్పి, పెన్సిలు తీసింది. "లైను ఆగదని నేను మాటివ్వను. ఆగితే ఎక్కడ ఆగిందో మూడు గంటల్లో చెప్తాను."

"ఇవాళ రెండు గంటలేగా! ఒక గంట" అన్నాడు ప్రెసిడెంటు, అలవాటుగా.

"ఇవాళ ఒక దుకాణం. రేపు నలభై రెండు. గోడౌన్లకి నడవాలి కదండీ. మూడు."

"గంటన్నర."

"రద్దీ వేళలో అయితే రెండు. మిగతా వేళల్లో మూడు. కొత్త పెట్టె ఏది పెట్టినా, నేను చూశాకే పెట్టాలి." ఒక్క క్షణం ఆగి, పెదవి చివర నవ్వు కనపడీ కనపడకుండా, "ఎంత పెద్దవాళ్ళు ఎదురుగా ఉన్నా సరే" అంది.

ఒకేమాటమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బేరంలో ఆ చివరి షరతు ఎవరి కోసమో బజారుకి విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఖాయం" అన్నాడు ప్రెసిడెంటు, చెయ్యి బల్ల మీద చరిచి.

బోర్డు తీసేస్తుందేమోనని మర్నాడు బజారులో సగంమంది ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చి చూసి వెళ్ళారు. తియ్యలేదు. బోల్టులకి అది అలాగే ఉంటుందంది. కాకపోతే దాని కింద కొత్తగా ఒక మేకు కొట్టి, ఓ అట్టముక్క వేలాడదీసింది. ఒక వైపు ఆరు టిక్కులు, రెండో వైపు బేరం. ఈ వైపు కొన్నాళ్ళు, ఆ వైపు కొన్నాళ్ళు తిప్పుతూ ఉంటుంది.

కొత్త కొనుగోలుదారు ఎవరైనా అదేమిటని అడిగితే, ఒకేమాటమ్మ చేతిలో పని ఆపి, కళ్ళజోడు సవరించుకుని మరీ చెబుతుంది.

"అదా? మా కోడలు నా తప్పు పట్టుకున్న కాగితం."